పదకొండో ఇంటి వంతు

వాన 18

ఈ పుస్తకం ఎవరూ చదవరు. నీళ్ళ ఆఫీసు వాళ్ళు ఏడాదికోసారి వచ్చి చివరి పేజీ మీద ముద్ర గుద్ది పోతారు. అయినా రాయమన్నారు కనుక రాస్తున్నాను. ఏడో వీధి, పదహారు ఇళ్ళు, మోరి మూతలు తిప్పే ఇనప చావి పట్టే మనిషి సత్తెమ్మ, అంటే నేనే. వయసు అరవై ఒకటి. నా మోకాళ్ళ వయసు ఎనభై.

వాన చెప్పిన వేళకే పడింది, పొద్దున పదింటికి. పై ఊరి మబ్బు బండ్లు ఆలస్యం చేసిన రోజు నేనెరుగను. వాళ్ళు తమ ట్యాంకులు నింపుకోవడానికి వానలు కురిపించుకుంటారు. పట్టగా మిగిలిందీ, కడిగి పారబోసిందీ కలిపి పెద్ద గొట్టంలో మా మీదికి తోలుతారు. స్తంభం మీది మైకు ఎప్పటిలాగే తేనె పూసిన గొంతుతో, 'లేక్ వ్యూ కాలనీ వాసులారా, మూతలు వేసుకోండి, జలదినోత్సవ శుభాకాంక్షలు' అంది. కాలనీ పేరు లేక్ వ్యూ కానీ ఎక్కడా చెరువు కనబడదు. కనబడదెందుకంటే మేమున్నది దాని కడుపులోనే.

వంతు: పదో ఇల్లు, అంటే ఈ వానకు మూత తెరిచి నీళ్ళు ఇంట్లోకి రానివ్వాల్సింది వాళ్ళే. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు సామానంతా మేడ మీదికి మోసి మోసి, చివరికి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. "మూత బిగిస్తె ఒక్క సుక్క రాదంట గదా. మల్ల తెరిసి ఇంట్లకు తెచ్చుకునుడెందుకు?" అంది. నోటితో చెప్పే ఓపిక లేక చెయ్యి పట్టుకుని మూడో వీధికి తీసుకెళ్ళాను. అక్కడ రోడ్డు ఇప్పటికీ చింపిన గోనెసంచిలా పడి ఉంది. ఆరేళ్ళ కిందట ఆ వీధిలో అందరూ తెలివిగా మూతలు బిగించుకున్నారు. నీళ్ళకు పోయే దారి లేక గొట్టమే నేలను చీల్చుకుని లేచింది. నాలుగు ఇళ్ళు, పదకొండు మంది. గోడ మీద ఆ పేర్లు చదివించాను. తిరిగి వచ్చాక ఆ పిల్ల మళ్ళీ ఏడవలేదు.

మూత నేనే తిప్పి తెరిచాను. మోరి గదిలోంచి నల్లనీళ్ళు బుస్సుమని లేచి హాల్లో మోకాటి లోతు నిలిచాయి. కాలు పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉన్నాయి. పై ఊరి వాళ్ళవి వేడినీళ్ళ స్నానాలు మరి. వీధి మొదట్లో స్తంభం మీద గొట్టం ఒత్తిడి చూపే ముల్లు నాలుగున్నర దగ్గర ఆగిపోయింది. ఆరు దాటితే భయం, ఎనిమిది దాటితే మూడో వీధే.

మరునాడు ఆచారం ప్రకారం మిగతా పదిహేను ఇళ్ళ నుంచి పదిహేను కుండల తిండి వచ్చింది. అందరం కలిసి ఇల్లు కడిగి, అక్కడే కూర్చుని తిన్నాం. పద్నాలుగో ఇంటి లచ్చవ్వ పచ్చిపులుసులో ఈసారి కూడా ఉప్పు ఎక్కువే. చెబితే, "నీ నాలికె దొడ్డుగైంది సత్తెమ్మా" అని నన్నే తిప్పికొట్టింది.

వాన 19

వంతు: పదకొండో ఇల్లు, మా తమ్ముడు ఐలయ్యది. పొద్దున్నుంచీ నా మోకాళ్ళు మడత పడటం లేదు. "నువ్వు ముల్లు కాడ కూసో అక్కా, నేనే తిప్పుకుంట" అని ఐలయ్య వచ్చి చావి తీసుకెళ్ళాడు. వాన సగంలో వెళ్ళి చూశాను. నీళ్ళు సరిగ్గా వచ్చాయి.

పదకొండున్నరకు ముల్లు ఏడు దాటింది. ఆ వెంటనే పద్నాలుగో ఇంట్లో మూత పేలింది. అది పదిహేను కిలోల ఉక్కు. లచ్చవ్వ మోరి గదిలో పీట వేసుకుని గిన్నెలు తోముకుంటోంది. మూత లేచి ఆమె దవడకు తగిలి, కప్పుకు కొట్టుకుని, మళ్ళీ ఆమె మీదే పడింది. దాని వెనకే నీళ్ళు. నేను చేరేసరికి ఆమె కొడుకు నర్సింగం మెడలోతు నల్లనీళ్ళలోంచి తల్లిని ఎత్తుకుని మెట్లెక్కుతున్నాడు. ఆమె ముఖం గుర్తుపట్టేలా లేదు. కాళ్ళకున్న మట్టెలు చూసి నమ్మాను.

"ఎందుకు పేలింది పెద్దమ్మా?" అని అడిగాడు నర్సింగం.

బోల్టులు తుప్పు పట్టాయన్నాను.

"గ్రీజు పెడ్త పెడ్త అని పెట్టకపోతిని" అన్నాడు. తర్వాత తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. నలుగురం పట్టుకున్నా ఆగలేదు. నాలుగో ఇంటి ఖాజా, వెల్డింగ్ పని చేసే మనిషి, ఎద్దులాంటి వాడు, వాడి మీద పడుకుంటే గాని ఆగలేదు. అప్పటికి నుదురు చీలి ఎముక కనబడుతోంది.

కారణం: బోల్టులకు తుప్పు.

వాన 20

వంతు: పన్నెండో ఇల్లు. ముల్లు నాలుగు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

కుండలు పద్నాలుగో ఇంటికి కూడా పోతున్నాయి, కానీ నర్సింగం తినడం లేదు. నుదుటికి కట్టు కట్టుకుని గ్రీజు డబ్బాతో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ప్రతి ఇంటి మూతకూ ఆరు బోల్టులు ఊడదీసి, రుద్ది, గ్రీజు పట్టించి బిగిస్తున్నాడు. ఖాజా పానాలు అందిస్తూ వెంట తిరుగుతున్నాడు. నా ఇంటికి వచ్చినప్పుడు నేను నర్సింగం ముఖం చూడలేకపోయాను. టీ ఇస్తే తాగకుండా పక్కన పెట్టాడు.

"నా అసొంటి సోయిలేని మనిషి ఇంకొకడు వీధిల ఉండొద్దు పెద్దమ్మా" అన్నాడు.

వాన 20, మూడో రోజు

ముద్ర వేసే వాళ్ళు వాన లేని రోజు రాయొద్దంటారు. రాస్తాను. ఏం పీకుతారో పీకనీ.

ఈ రోజు గ్రీజు డబ్బా పదకొండో ఇంటికి చేరింది. ఐలయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడి, తన బోల్టులు తనే చూసుకున్నానన్నాడట. "రెండు నిమిషాల పని గదా అన్నా" అంటూ ఖాజా నవ్వుతూనే భుజంతో తోసుకుని లోపలికి పోయాడు. మోరి గది తలుపు మీద చెయ్యి వేశాడు. ఐలయ్య గడ్డపార ఎత్తి ఆ చేతి మీద వేశాడు. మూడు వేళ్ళు. వెల్డింగ్ చేసే కుడి చేతివి. ఖాజా అరుపు వీధి మొదట్లో ఉన్న నాకు వినబడింది.

నేను కుంటుకుంటూ చేరేసరికి నర్సింగం ఆ గది తలుపు కాలితో తన్ని లోపల నిలబడి ఉన్నాడు. మూత ఉండాల్సిన చోట మూత లేదు. దాని మీద జానెడు మందాన సిమెంటు పోసి ఉంది. పక్కనే నీలం డ్రమ్ము, అందులో సగం దాకా నల్లనీళ్ళు. వంతు రోజున నేల మీద పారబోసి వీధికి చూపించిన నీళ్ళు అవే. నర్సింగం డ్రమ్ము చూశాడు, సిమెంటు చూశాడు, తన చేతిలో ఉన్న గ్రీజు డబ్బా చూసుకున్నాడు. ఆ డబ్బాతోనే ఐలయ్య ముఖం మీద కొట్టాడు. డబ్బా సొట్టపోయేదాకా కొట్టాడు.

తర్వాత వీధంతా వచ్చింది. మా తమ్ముణ్ణి కాళ్ళు పట్టి ముల్లు స్తంభం దాకా ఈడ్చారు. చెప్పులు, కర్రలు, ఎవరో సైకిల్ గొలుసు. పదో ఇంటి కొత్త కోడలు కూడా చీపురు తిరగేసింది. పన్ను ఒకటి ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. అయిదేళ్ళప్పుడు వాడి మొదటి పాలపన్ను ఊడితే మా ఇంటి కప్పు మీదికి విసిరింది నేనే.

"సంపితె ఆ సిమెంటెవడు పగలగొడ్తడు? మీ అయ్యలొస్తరా?" అని అరిచాను. అప్పుడు ఆగారు. నా మాటకు విలువిచ్చి కాదు, పగలగొట్టేవాడి మీదికే గొట్టం మొదట లేస్తుంది కనుక ఆగారు.

వీధి తీర్మానం: వచ్చే వాన వంతు మళ్ళీ పదకొండో ఇల్లే. సిమెంటు ఐలయ్యే పగలగొట్టాలి. వాడు తెరవకపోతే ఇంకెవరూ తెరవరు. "పోతె అందరం పోతం. మా అవ్వ పోయింది, నాకింకేం పోయేదున్నది?" అన్నాడు నర్సింగం. మా ఇంటి మూత తెరుద్దామంటే అది వీధి మొదట్లో మిట్ట మీద ఉంది. నేను తెరిచినా ముల్లు అరగీత దిగదు. చావి పట్టే మనిషికి ఎన్నడూ వంతు రానిది అందుకే. సుఖంగా కూర్చుని ఇతరుల ఇళ్ళలో కాలు పెట్టి చూసే బతుకు నాది.

ఇప్పుడు అసలు సంగతి. వాన 19 పేజీలో నేను అబద్ధం రాశాను. ఆ రోజు ఐలయ్య ఇంట్లో కాలు పెట్టాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. గొట్టంలోంచి వచ్చినవి కావని కాలు పెట్టగానే తెలిసింది. వాడు నా కళ్ళలోకి చూశాడు, నేను బయటికి వచ్చేశాను. పోయినేడు తమ వంతు తర్వాత ఇల్లు కడిగిన వారానికే వాడి భార్య లలిత జ్వరంతో పోయింది. వాడికి ఆ నీళ్ళంటే భయం. ఒక్కసారికి పోనీలే అనుకున్నాను. ఇంకో ఇల్లు తెరిపించే వేళ ఉంది, తెరిపించలేదు. పావుగంటకు లచ్చవ్వ చచ్చిపోయింది. ఆ పైన కొడుకు నెత్తిన తుప్పు రుద్దాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. పుస్తకం ఎవరూ చదవరు గదా.

వాన 21

ఇది తడి చేతులతో రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వొద్దు.

ముందురోజే మైకు చెప్పింది, పై ఊరి కొత్త ట్యాంకు కోసం జోడువాన అని. పదింటికి మొదలైంది. పదకొండింటికి ముల్లు అయిదు. పదకొండుంబావుకు ఆరు. పదహారు మూతలూ బిగించి ఉన్నాయి. ఎవరూ మేడల మీదికి పోలేదు. వానలో తడుస్తూ అందరూ పదకొండో ఇంటి ముందే నిలబడ్డారు. ఐలయ్య లోపల తలుపుకు గొలుసు వేసుకున్నాడు. సిమెంటు కొడుతున్న చప్పుడు లేదు.

కాళ్ళ కింద రోడ్డు వణకడం మొదలైంది. పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు మూత ఆడినట్టు మ్యాన్‌హోల్ మూతలు ఆడుతున్నాయి. ముల్లు ఏడు. ఖాజా కట్టు కట్టిన చేతితోనే తొమ్మిదో ఇంటివాళ్ళను బతిమాలాడు, తన ఇల్లు మిట్ట మీద లేకపోతే తనే తెరిచేవాణ్ణని. వాళ్ళు కదల్లేదు. నర్సింగం సమ్మెట భుజాన వేసుకుని తలుపు వైపు నడిచాడు. వాడు ఆ సమ్మెట సిమెంటు మీద వేస్తాడో మా తమ్ముడి తల మీద వేస్తాడో చూసే వాళ్ళెవరికీ అనుమానం లేదు.

"నేను పిలుస్త. నాకు తీస్తడు" అన్నాను. సమ్మెట నేను తీసుకున్నాను. రెండో చేతిలో చావి.

నాకు తీశాడు. నేను లోపలికి రాగానే మళ్ళీ గొలుసు వేశాడు. ముఖం ఉబ్బి ఒక కన్ను మూసుకుపోయి ఉంది.

"నన్ను తీస్కపోనీకొచ్చినవా అక్కా?"

"సిమెంటు కొట్టనీకొచ్చిన."

"లలితను ఈ నీళ్ళే తిన్నయ్. ఇంట్లకు మల్ల రానియ్య. ఆళ్ళను సావనీ. నువ్వు మేడెక్కు."

"మేడ కింది నేలే లేస్తదిరా. ముల్లు ఏడు దాటింది. నర్సింగం అవ్వను మనమే సంపినం, నువ్వూ నేనూ. ఇంకెందర్ని?"

"నువ్వేం జేసినవ్?" అన్నాడు. నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. "నువ్వు నన్ను కాపాడినవ్ గదా."

సమ్మెట ఎత్తుకున్నాను. మోరి గదిలోకి పోయి మొదటి దెబ్బ వేశాను. రెండోది వేసేలోపు వాడు వెనక నుంచి నా మెడ చుట్టూ చెయ్యి బిగించి గోడకేసి కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. సమ్మెట జారిపోయింది. చావి మాత్రం చేతిలోనే ఉంది. అది మూడడుగుల ఇనుము, పదేళ్ళుగా నా చేతికి అలవాటైనది. చిన్నప్పుడు ఈతకు పోయి కొట్టుకుపోతుంటే నేనే జుట్టు పట్టి లాగినవాణ్ణి, పెళ్ళిలో బొట్టు పెట్టినవాణ్ణి, వాడి మోకాలి మీద చావితో బలం కొద్దీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. వాడు పడిపోయాడు. లేవబోతే రెండోసారి కొట్టాను.

సిమెంటు మీద ఎన్ని దెబ్బలు వేశానో లెక్క తెలియదు. అడ్డంగా పగులు వచ్చింది. పగుల్లోంచి సన్నటి నీటిధార కప్పుదాకా కొట్టింది. అప్పుడు ఐలయ్య పాకుకుంటూ వచ్చాడు. విరిగిన కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆ సిమెంటు మీద బోర్లా పడుకున్నాడు. రెండు చేతులతో గచ్చు పట్టుకున్నాడు.

"లేవురా" అన్నాను. "లేవరా తమ్మీ" అన్నాను. చొక్కా పట్టి లాగాను. వాడు బరువు మనిషి, నా మోకాళ్ళు జారాయి.

నేను మళ్ళీ కొట్టలేదు. ఇది రాసి పెడుతున్నాను. చివరి దెబ్బ నాది కాదు, గొట్టానిది. సిమెంటు బిళ్ళ కింద నుంచి లేచి వాణ్ణి కప్పు దాకా ఎత్తేసింది. నన్ను గది బయటికి విసిరింది. తర్వాత అంతా నల్లగా, వేడిగా. ఈడ్చుకుంటూ పోయిన నీళ్ళలోనే వాడి చెయ్యి దొరికింది. వదల్లేదు. మెట్ల దాకా లాక్కెళ్ళాను. మూడో మెట్టు మీద కూర్చుని వాడి తల నా భుజాన ఆనించుకున్నాను. నీళ్ళు మా ఛాతీల దాకా వచ్చి అక్కడ ఆగాయి. బయట ఎవరో 'ముల్లు దిగుతున్నది' అని కేక వేశారు. నర్సింగం తలుపు మీద గడ్డపారతో కొడుతున్నాడు.

వాడితో మాట్లాడుతూ కూర్చున్నాను. కాలు కట్టించుకుందాం, మా ఇంట్లో ఉందువు గాని, మిట్ట మీది ఇల్లు, అక్కడికి ఏ నీళ్ళూ రావు అని చెప్పాను. వాడు జవాబు చెప్పలేదు. అలిగితే చిన్నప్పటి నుంచీ అంతే, మాట్లాడడు. చెయ్యి మాత్రం వెచ్చగా ఉంది.

తలుపు విరిగింది. ఖాజా ఈదుకుంటూ వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఐలయ్య మెడ దగ్గర ఎడమ చెయ్యి పెట్టి చాలాసేపు చూశాడు. తన వేళ్ళు విరగ్గొట్టిన మనిషి ముఖాన్ని ఆ చేత్తోనే తుడిచాడు.

"ఇడ్సిపెట్టక్కా" అన్నాడు.

"వెచ్చగున్నడు ఖాజా. చెయ్యి పట్టి సూడు, వెచ్చగున్నడు."

"నీళ్ళు వెచ్చగున్నయక్కా" అన్నాడు.

వాన 21, మరునాడు

ముల్లు ఒకటిన్నర. వీధిలో ఇళ్ళన్నీ నిలిచాయి.

వంతు పడిన ఇంట్లో మనిషి లేకపోయినా కుండలు రావాలి. ఐలయ్యను మట్టి చేసి వచ్చేసరికి పదకొండో ఇంటి గడపలో వరుసగా పెట్టి ఉన్నాయి. లెక్కపెట్టాను, నాది తప్ప పద్నాలుగున్నాయి. అందరికంటే ముందు పెట్టింది నర్సింగమట. వాళ్ళమ్మ చేసే పచ్చిపులుసు తనే చేసి తెచ్చాడు. నా ముందు కూర్చుని ఆకు వేసి వడ్డించాడు. "రెండు ముద్దలు తిను పెద్దమ్మా. నీ తోడబుట్టినోని కంటె వీధిని ఎక్కువ జూసినవ్. నువ్వు లేకుంటె మేం లేము" అన్నాడు. కట్టు విప్పిన నుదుటి మీద గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

ముద్ద నోటి దాకా పోలేదు. పుస్తకం తీసి వాన 19 చదివి వినిపించాను. తర్వాత వాన లేని రోజున రాసింది కూడా వినిపించాను. మధ్యలో ఆపకుండా చదివాను.

"సల్లగున్నయని నీకు తెల్సు" అన్నాడు.

"తెల్సు."

"ఇంకో ఇల్లు తెరిపిస్తె మా అవ్వ బతికేది."

"బతికేది."

"మల్ల బోల్టులంటివి నాకు."

"అన్న."

నుదురు తడుముకున్నాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. కుండ పట్టుకుని లేచాడు. పులుసు తీసుకెళ్ళి మోరిలో పారబోశాడు. తిరిగి వచ్చి నా ఒళ్ళో ఉన్న చావి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆకు మీద వడ్డించింది మాత్రం అలాగే ఉంది. తిన్నాను. ఉప్పు సరిపోయింది.

ఇకమీద ఈ పుస్తకం నర్సింగం రాస్తాడు. ఇచ్చేముందు ఒక పని మిగిలింది.

వాన 19, దిద్దుబాటు

వంతు: పదకొండో ఇల్లు. మూత తెరవలేదు. నేల మీది నీళ్ళు చల్లగా ఉన్నాయి. పద్నాలుగో ఇంటి బోల్టులు ఆ రోజే ఏరి చూశాను. ఆరింటికి ఆరూ శుభ్రంగా ఉన్నాయి, తుప్పు లేదు. లచ్చవ్వ చావులో ఆమె కొడుకు తప్పు లేదు.

రాసింది సత్తెమ్మ.